కుడి చంక కింది రుమాలు

హాజరైనవారు, బల్ల మీద కూర్చున్న క్రమంలో: తలుపు పక్కన పళ్ళ డాక్టరమ్మ, ఆమె తరువాత నా బావమరిది, అతని తరువాత, జానెడు ఖాళీ విడిచి, సన్నగీత, చిట్టచివర, గోడ మూలకు, నేను. ఉరుములు వినిపించినప్పుడు ఆటగాళ్ళు తలదాచుకోవడానికి గోల్ఫ్ మైదానంలో కట్టిన రేకుల గది ఇది. పద్దెనిమిదో హోల్ మొదలయ్యే గట్టుకు ఇరవై అడుగుల దూరం. ఆట ఆపవలసిందని సైరన్ దీర్ఘంగా మోగినప్పుడు మొదట లోపలికి వచ్చినవాడిని నేనే కనుక చివరి మూల నాకు దక్కింది. నేను పరుగెత్తలేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషికి పరుగు శోభించదు. అందరికంటే ముందు కదిలాను, అంతే. ముందు కదలడమే నా రోగమని ఈ నాలుగు నెలలుగా వారానికి రెండుసార్లు చెబుతున్న మనిషి నాకు మూరెడు దూరంలో కూర్చుని, తడిసిన తన చేతి తొడుగును ఒక్కొక్క వేలే లాగి ఆరబెట్టుకుంటున్నాడు.

వర్షం రేకుల మీద పడుతోంది. ఆగినట్టే ఆగి మళ్ళీ అందుకుంటుంది. నా కుడి బూటు నేలకేసి కొట్టుకుంటోందని డాక్టరమ్మ చూపు చెప్పే దాకా నాకు తెలియలేదు, ఆపాను, రెండు నిమిషాల్లో ఎడమది మొదలుపెట్టింది. జంటల పోటీలో ఇది ఆఖరి ఆట. డాక్టరమ్మ, సన్నగీత ఒక జంట; నేను, బావమరిది ఒక జంట; జంటకు ఒకే బంతి, దానిని ఇద్దరూ వంతులవారీగా కొట్టాలి; పదిహేడు హోల్స్ ముగిసేసరికి ఇరుపక్షాలూ సమానం. సరిసంఖ్య హోల్స్‌లో మొదటి దెబ్బ నాది. అంటే సైరన్ మళ్ళీ రెండుసార్లు పొట్టిగా మోగగానే ఈ మూల నుంచి లేచి, ఆ గట్టు ఎక్కి, అందరూ చూస్తుండగా కొట్టవలసింది నేను. ఎడమ వైపు చెరువు. కుడి వైపు కంచె, కంచె అవతల రోడ్డు. నా బంతి ముప్పై ఏళ్ళుగా కుడికి వంగుతుంది, అరటిపండులా, నమ్మకంగా. అందుచేత నేను ముప్పై ఏళ్ళుగా చెరువు మీదికి గురిపెట్టి, బంతి నీళ్ళ మీదుగా ఒక చుట్టు చుట్టి మైదానం మధ్యకు వచ్చి వాలేటట్టు ఏర్పాటు చేసుకున్నాను. అది లోపమని అప్పుడు ఎవరూ అనలేదు. ఏర్పాటు అన్నారు. నేర్పు అన్నవాళ్ళూ ఉన్నారు.

నా స్వింగులో, బంతి కొట్టడానికి క్లబ్బు కర్ర విసిరే తీరులో, లోపం ఎక్కడుందో ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. క్లబ్బును వెనక్కి, పైకి ఎత్తుతాం; ఎత్తిన చోట ఒక రెప్పపాటు నిలుపు ఉంటుంది; అక్కడి నుంచి దిగడానికి ఒక క్రమం ఉంది. ముందు ఎడమ పాదం మీద బరువు పడాలి, పాదం తరువాత నడుము తిరగాలి, నడుము తరువాత భుజాలు, అందరి తరువాత చేతులు. నాకు మాత్రం భుజం ఆగదు. పైకి చేరీ చేరకముందే కుడి భుజం అందరినీ తోసుకుని ముందుకొస్తుంది, క్లబ్బు బయటి దారిన పడి బంతిని అడ్డంగా కోస్తుంది, బంతి ఒంటి మీద సున్నితమైన గాయంతో కుడికి వంగుతుంది. పాఠాల మొదటి రోజు సన్నగీత నేను కొట్టిన ఆరు బంతులు చూసి, ఏడోది కొట్టనివ్వకుండా చెయ్యి అడ్డంపెట్టి, “మీరు పైనుంచి వస్తున్నారు సార్, కింది నుంచి రావాలి” అన్నాడు. పక్కనే ఉన్న బావమరిది ఊరుకుంటాడా, “పై అధికారి కదండీ, అలవాటైపోయింది” అన్నాడు. నేను నవ్వలేదు. సన్నగీత కూడా నవ్వలేదు, అది నేను గమనించాను, ఇప్పటికీ గమనిస్తూనే ఉన్నాను, ఎందుకంటే నవ్వవలసిన చోట నవ్వని మనిషి దగ్గర ఏదో దాచి ఉంటుంది.

కొత్త కోచ్ వచ్చాడు, బంతికీ నీకూ రాజీ కుదురుస్తాడు అని బావమరిది లాక్కెళ్ళినప్పుడు అతనెవరో నాకు తెలియదు. అతనికి తెలుసు. రబ్బరు చాప మీద నన్ను నిలబెట్టి, తలెత్తి, “గుర్తున్నానా సార్? సన్నగీతని” అన్నాడు, పెట్టిన పేరుతో కాక ఆఫీసులో అందరం పిలిచిన పేరుతో. నీటి సరఫరా శాఖలో నా కింద పటాలు గీసే పని చేసిన డ్రాఫ్ట్స్‌మన్. అతని కలం గీసిన గీత వెంట్రుక మందం ఉండేది, ఆ మొదటినుంచి ఈ చివరిదాకా ఒకే వెంట్రుక. గుర్తులేడని చెప్పడానికి నోరు తెరిచాను. “గుర్తులేకేం” అన్నది నా నోరు. తరువాత తెలిసింది, దస్తావేజుల గదికి బదిలీ అయినప్పుడు ఆ గది కిటికీ ఈ మైదానం వైపు ఉండేదట. అక్కడ పనేమీ ఉండేది కాదట. పనిరోజుల్లో ఐదింటికి తాళం వేసి ఇటు నడిచి వచ్చేవాడట, నేను ఆడేది ఆదివారాలు. చూసి చూసి క్లబ్బు పట్టుకున్నాడట, తరువాత వేరే ఊళ్ళలో నేర్పి ఇప్పుడు తిరిగి వచ్చాడట. ఇదంతా అతను వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. ఆ బదిలీ కాగితం మీద సంతకం ఎవరిదో చెప్పలేదు. నేనూ అడగలేదు. సంతకం పెట్టినవాడికి వేరే చెప్పాలా?

పాఠాలు పసిపిల్లలకు చెప్పే పద్ధతిలో సాగాయి, అభిమానం దిగమింగి ఒప్పుకున్నాను. బంతికి బయటి పక్కన చెప్పుల అట్టపెట్టె పెట్టేవాడు. క్లబ్బు లోపలి దారిన వస్తే పెట్టె బతుకుతుంది, పైనుంచి వస్తే నలుగుతుంది. నా భార్య దాచుకున్న పెట్టెలు తొమ్మిది నలిపాను. “ఇదివరకు కాలవలు తవ్వించేవారు, ఇప్పుడు పెట్టెలు పగలగొడుతున్నారు, పెన్షన్ ఇచ్చేవాళ్ళకి తెలుసా?” అని ఆమె వంటింట్లోంచి. రెండో వారం అతను రుమాలు అడిగాడు. కుడి చంక కింద రుమాలు పెట్టుకుని, అది జారకుండా కొట్టాలి. భుజం తొందరపడితే చెయ్యి ఒంటిని విడిచిపెడుతుంది, రుమాలు పడిపోతుంది, అదే సాక్ష్యం. జేబులోంచి తీసి ఇచ్చాను. అలవాటుగా, ఆలోచించకుండా, తెల్ల రుమాలు, ఒక మూలన లేత గులాబీ మరక. అతను దానిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రాశాడు. రుమాలు మడవడానికి అంతసేపు రాయనక్కరలేదు. ఇంకోసారి రాశాడు. మరక ఉన్న మూల వెలుతురుకు పెట్టి చూశాడో, నాకే అలా తోచిందో, సరిగా మడిచి నా చంక కింద పెట్టి, “మంచి గుడ్డ సార్” అన్నాడు. అంతే. ఆనాడు రుమాలు ఒక్కసారి కూడా జారలేదు. నా చెయ్యి ఒంటికి అంటుకుపోయింది. “అదీ, అలా” అని అతను మెచ్చుకున్నాడు. నేను మాత్రం అతనికి తెలిసిందా, తెలియలేదా అనే ఒక్క ప్రశ్నను ఇంటికి మోసుకెళ్ళాను, నాలుగు నెలలుగా మోస్తున్నాను, ఇదిగో ఈ గదిలోకి కూడా తెచ్చాను.

అది మామూలు గుడ్డ కాదు. ట్రేసింగ్ క్లాత్. పూర్వం పటాలు దాని మీదే గీసేవారు. సన్నటి నార బట్టకు గట్టిగా గంజి పట్టించి, గాజులా నునుపు చేసి అమ్మేవారు. ఉతికితే గంజి పోయి, సిరా పోయి, పూతరేకులాంటి బట్ట మిగులుతుంది. పదేళ్ళు దాని మీద అరచెయ్యి ఆనించి బతికిన వేళ్ళకు అది తెలియదా? వర్షం గట్టి పడింది. డాక్టరమ్మ ఫ్లాస్కు మూత తిప్పుతోంది, టీ వాసన. జేబులో చెయ్యి పెట్టాను, అక్కడే ఉంది, తడిసి చల్లగా. పదిహేడు హోల్స్ పొడుగునా క్లబ్బు పిడి దానితోనే తుడిచాను. అతను చూస్తూనే ఉన్నాడు.

మూడో పటం. కొండకు అటొక ముఖం, ఇటొక ముఖం తవ్వుకుంటూ వచ్చి నడిమధ్య కలవవలసిన సొరంగం. పరిశీలనకు పెద్దలు వచ్చే తేదీ ఖాయమైంది, ఖాయం చేసింది నేనే, ఎవరూ అడగకముందే ముందుకు జరిపి మరీ చేశాను. పాత సర్వే పుస్తకంలోని కోణాన్ని పటంలోకి ఎక్కిస్తుండగా అతనికి ఎక్కడో పొంతన కుదరలేదు. డిగ్రీకి అరవై నిమిషాలు; అందులో పన్నెండు నిమిషాలు అటూ ఇటూ; గోరుకు కూడా చిక్కని తేడా. పటం అంచున ఎర్ర పెన్సిలుతో ‘కోణము సరిచూడవలెను’ అని రాసి, కింద పొట్టి సంతకం పెట్టి, నా బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. గదిలో ఆరుగురున్నారు. సరిచూడడమంటే మళ్ళీ కొండెక్కడం, మూడు రోజులు, తేదీ పోతుంది. నేను పటం చదవలేదు. పటం చదవకముందే నా చెయ్యి కలం అందుకుంది. ఎర్ర అక్షరాల మీద నల్లటి గీత ఒకటి కొట్టి, “గీతలు గీయడం నీ పని, కోణాలు చూడడం నా పని. ఎవరి పని వాళ్ళు చేస్తే కొండ దానంతట అది తొలుచుకుంటుంది” అన్నాను. ఆరుగురూ నవ్వారు. అతను పటం చుట్టుకుని వెళ్ళాడు. నాలుగు వందల మీటర్లు తవ్వాక రెండు ముఖాలూ నాలుగడుగుల తేడాతో ఒకదాని పక్కనుంచి ఒకటి వెళ్ళిపోయాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు, ఆ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఏడు నెలలు పట్టింది వంపు తిప్పి కలపడానికి. నీళ్ళు ఈనాటికీ ఆ వంపులో తిరిగే వస్తున్నాయి. బంతిలా. ఛీ, పోలికలు నాకు పడవు. స్వింగు స్వింగే, సొరంగం సొరంగమే.

విచారణ నివేదిక నేనే రాశాను. ‘పటమునందు సంభవించిన లోపము వలన’ అని. ఎనభై పుటల నివేదికలో తప్పు పట్టడానికి వీలులేని వాక్యం అదొక్కటే అనుకుంటాను. అందులో లోపం ఉంది, పటం ఉంది, మనిషి లేడు. మనిషిని వెతుక్కున్నది పైవాళ్ళు. పటం ఎవరు గీశారు, ఫలానావాడు. రెండు ప్రమోషన్లు ఆగాయి. బదిలీ కాగితం వచ్చింది. నేను సంతకం పెట్టాను, అప్పుడూ చదవకుండానే. పటం మాత్రం ఆఫీసులో ఉంచలేదు. ఎర్ర అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి నల్ల గీత కింద. చుట్టి, సంచిలో పెట్టి, ఇంటికి తెచ్చి, ఇనుప బీరువా అడుగున పడేశాను. పదహారేళ్ళు అక్కడే ఉంది. పదవీ విరమణ చేసి ఇల్లు మారిన ఏడాది నా భార్య బీరువా ఖాళీ చేస్తూ, అంత మంచి బట్ట వృథా అవుతోందని నానబెట్టింది. “ఎంత గంజండీ ఈ గుడ్డకి. మూడు నీళ్ళు పట్టింది. కొట్లో ఇంత మెత్తనిది దొరుకుతుందా చెప్పండి?” అని దండెం మీద ఆరేసి చూపించింది. నల్ల గీతా లేదు, కొండా లేదు, సొరంగమూ లేదు. మూలన గులాబీ మరక ఒక్కటి. ఏదో పండు రసం అనుకుంది. ఆరు రుమాళ్ళు కుట్టింది, అంచులు మడిచి, చేతికుట్టు. నేను ఆమెను కోప్పడలేదు. ఎందుకు కోప్పడలేదో అప్పుడు నాకు తెలియదు అనుకున్నాను, తెలుసు. గుండెల మీద బరువు దిగింది. దిగిందనుకున్నది జేబులోకి చేరింది, అంతే తేడా.

“ఏం బావా, మూలన మూటలా కూర్చున్నావు,” అన్నాడు బావమరిది. “చెరువుని తలుచుకుంటున్నావా?”

“తలుచుకోనివ్వండి. మాకు మంచిదే,” అంది డాక్టరమ్మ టీ ఊదుకుంటూ.

“అది కాదు డాక్టరమ్మా. పదిహేడు హోల్సూ పాత వేషమే కట్టాడు చూశారా? నాలుగు నెలలు నేర్చుకున్నది పెట్టెలో పెట్టి తాళం వేశాడు. కోచ్ గారూ, మీ శిష్యుడే కదా, ఓ మంచిమాట చెప్పండి.”

“అయ్యో, ఆయన చెప్పకూడదు. ఎదుటి జంట. సలహా ఇస్తే శిక్షగా హోల్ పోతుంది.”

ఇక్కడ నేను మౌనంగా ఉండవచ్చు. ఉంటే ఈ గంట గడిచిపోయేది. కాని నియమాన్ని ఎవరైనా తప్పుగా ఉదహరిస్తే నా వెన్నెముక తనంతట తాను నిటారవుతుంది. “ఆట సాగుతున్నప్పుడు పోతుంది,” అన్నాను. “కమిటీ ఆట ఆపించిన వ్యవధిలో సలహా అడగవచ్చు, చెప్పవచ్చు. సైరన్ మళ్ళీ మోగేంతవరకు.”

“విన్నారా? తన మెడకు తనే తాడు పేనుకునే మనిషిని ఏరి కోరి చేసుకుంది మా అక్క. అడుగు మరి బావా, రూలు నీదే కదా.”

సన్నగీత తొడుగు చిటికెన వేలు సరిచేస్తున్నాడు. తల ఎత్తలేదు. “సారు అడిగితే చెప్తాను,” అన్నాడు. “అడక్కుండా చెప్పడం ఒకసారి చేశాను.”

“ఏమైందేమిటి?” అంది డాక్టరమ్మ.

“ఏం కాలేదండీ. ఎర్ర పెన్సిలు ముక్క కాస్త అరిగింది.”

“నయం, పెన్సిలే. నేను అడక్కుండా చెబితే జనం పళ్ళు నూరుతారు, ఆ నూరిన పళ్ళకి మళ్ళీ నా దగ్గరికే వస్తారు,” అని ఆమె నవ్వింది, బావమరిది నవ్వాడు, మూత తిప్పిన ఫ్లాస్కు ఆమె చేతిలోంచి అతని చేతిలోకి, అతని చేతిలోంచి సన్నగీత చేతిలోకి వచ్చింది, సన్నగీత నావైపు చాచాడు, పుచ్చుకున్నాను. టీ పోసిన మూత వేడిగా ఉంది. పెన్సిలు మాట ఎత్తాడంటే అతనికి తెలుసు. మొదటి వారమే తెలుసు, కాదు, రెండో వారం, రుమాలు వారం. తెలిసీ వారానికి రెండుసార్లు నా భుజం మీద రెండు వేళ్ళు ఆనించి “ఆగండి సార్, ఆగండి, ఇంకా ఆగండి, ఇప్పుడు” అన్నాడు. ఏ ముఖంతో? కోపం దాచుకున్న మనిషి వేళ్ళు బరువుగా ఉంటాయి. అతని వేళ్ళు కాకి ఈకంత తేలిక. లేదా అతనిదీ ఏర్పాటేనా, ఇన్నాళ్ళూ నన్ను ఆపి ఆపి ఒకనాటికి ఈ మూలకు చేర్చి, ఏమీ అడగకుండా కూర్చోవడం? లేదు, నివేదికలు రాసిన బుద్ధి ఎక్కడికి పోతుంది, అందరిలోనూ పన్నాగమే చూస్తుంది. టీ ఒలికింది. చేతి మీద. ఫ్లాస్కు వచ్చిన దారినే వెనక్కి పంపి, రుమాలు తీసి తుడుచుకున్నాను, తుడుచుకుంటూ ఉండగా అతను చూశాడు, నేను చూశాను, ఇద్దరం రుమాలునే చూశాం.

వర్షం సన్నబడింది. పడమటి వైపు మబ్బు అంచు తెల్లబడుతోంది. రేకుల మీద చప్పుడు చినుకులు చినుకులుగా విడిపోయి లెక్కపెట్టడానికి వీలుగా వినబడుతోంది. ఇక కొద్దిసేపే. అడగవలసింది ఒకటుంది, న్యాయంగా, నియమం ప్రకారం: ఈ చివరి హోల్‌లో పాత దెబ్బ కొట్టనా, కొత్తదా? కొత్తది కొడితే నేను దేన్ని మరిచిపోతున్నాను? పదిహేడు హోల్స్ నా వెనక నిలబడి చూసినవాడు అతనొక్కడే. ఒక్క మాట చాలు. గెలిస్తే గోడ మీద విజేతల చెక్కపలకకు నా పేరు ఎక్కుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ పలక కింద నిలబడి ఇతరుల పేర్లు చదువుతున్నాను. ఈ వయసులో ఇంకో ఆఖరి ఆట రాదు. చెప్పవలసింది ఇంకొకటుంది. దానికి నియమం ఏ పుస్తకంలోనూ లేదు. రెంటికీ వ్యవధి లేదని ఆ మబ్బు అంచు చెబుతోంది. భుజం కదులుతోంది, ఎప్పటిలాగే, ముందు గెలుపు వైపు, నోటి దాకా వచ్చింది, ‘ఏమయ్యా, ఈ హోల్‌కి’ అని నాలుక మీద వాక్యం తయారుగా ఉంది. ఆగు. ఎడమ పాదం నేల మీద ఆనించాను. ఆగు, ఇంకా ఆగు. లేచి నిలబడ్డాను.

“ఒక విషయం నమోదు కావాలి,” అన్నాను.

“కూర్చో బావా, ఇదేమన్నా బోర్డు మీటింగా. సైరన్ మోగబోతోంది, ఆట సంగతి అడుగు.”

“ముప్పై రెండేళ్ళ కిందట, కొండ సొరంగం పనిలో, మూడో పటం మీద, కోణం సరిచూడమని ఇతను ఎర్ర పెన్సిలుతో రాసి నా బల్ల మీద పెట్టాడు. పన్నెండు నిమిషాల తేడా ఉందని. నేను చదవకుండా కొట్టేశాను. తరువాత తప్పు పటానిదని రాశాను. తప్పు పటానిది కాదు, ఇతనిదీ కాదు. నాది.” మాటలు నేననుకున్నంత పొడవు లేవు. ముప్పై రెండేళ్ళు పట్టిన మాటలు ఒక గుటకలో అయిపోయాయి.

డాక్టరమ్మ మూత బిగించడం ఆపింది. సన్నగీత తొడుగును ఒళ్ళో పరిచి, ఐదు వేళ్ళూ సాపు చేసి, అప్పుడు తలెత్తాడు.

“పదకొండు సార్,” అన్నాడు.

“ఏమిటి?”

“తేడా పదకొండు నిమిషాలు. పన్నెండు కాదు.”

సైరన్ మోగింది, పొట్టిగా, రెండుసార్లు.

గట్టు మీద గడ్డి మెరుస్తోంది. బంతిని నిలబెట్టాను, చెరువు చదునుగా ఉంది, వెనక ముగ్గురూ నిలబడ్డారు, వారి నీడలు లేవు, ఎండ రాలేదు ఇంకా. ఇప్పుడు అడిగితే హోల్ పోతుంది. అడగడానికి ఏమీ మిగలలేదు కూడా. పాదాలు తమ చోటు తాము వెతుక్కున్నాయి, క్లబ్బు పైకి వెళ్ళింది, పైన ఆ రెప్పపాటు నిలుపు వచ్చింది, ఎప్పుడూ నేను దాటేసే గడప, దానిమీద నిలబడ్డాను. కుడి చంకలో రుమాలు ఉన్నట్టే ఉంది. భుజం ఆగింది. ఎడమ పాదం మీదికి బరువు దిగింది, నడుము తిరిగింది, నేనేమీ చేయలేదు, చేతులు వాటంతట అవి చివరగా వచ్చాయి, లోపలి దారిన, బంతి తగిలినట్టు కూడా తెలియలేదు. లేచింది. ముప్పై ఏళ్ళలో నా బంతి మొదటిసారి ఎటూ వంగలేదు. సన్నగీత గీసిన గీతలా, ఆ మొదటినుంచి ఈ చివరిదాకా ఒకే వెంట్రుక. తిన్నగా వెళ్ళి, చెరువు నడిమధ్యలో పడింది.

“అంత అందంగా మునిగిన బంతిని నా జన్మలో చూడలేదు బావా,” అన్నాడు బావమరిది.

హోల్ వారిది, ఆట వారిది, పలక వారిది. ఆఖరి బంతి గుంటలో పడ్డాక, టోపీలు తీసి, చేతులు కలుపుకున్నాం. నా చేతిని విడవకుండా సన్నగీత చెప్పాడు: “స్వింగు ఖాయమైంది సార్. భుజం రాలేదు. పాదాలే పాత చోట పెట్టారు, చెరువుకేసి. ప్రాక్టీసు చాప మీద తెల్లగీత ఉంటుంది కాబట్టి అక్కడ తెలియలేదు. ఇందాక గదిలో అదే చెబుదామని కూర్చున్నాను. మీరు వేరే సంగతి ఎత్తారు.”

“రుమాలు సంగతి నీకు—”

“ముట్టుకున్న రోజే తెలిసింది సార్. ట్రేసింగ్ క్లాత్ నాకు తెలీదా.”

“మరి అడగలేదేం?”

“చంక కింద పెట్టుకుని గంటసేపు పడిపోకుండా చూసుకున్నారు కదా,” అన్నాడు. “ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి ఎత్తక తప్పదు, చూద్దాంలే అనుకున్నా.”

డాక్టరమ్మ స్కోరు కార్డు నా ముందుకు జరిపింది; మా క్లబ్బు ఆనవాయితీ ప్రకారం ఓడిన పక్షం సంతకం చేస్తే కాని ఆట ముగిసినట్టు కాదు. ముందు వైపు సంతకం చేశాను. తరువాత కార్డు తిరగేశాను. కలం చేతిలో ఉంది, ఈసారి ఏమి రాస్తున్నానో ఒక్కొక్క అక్షరం చదువుకుంటూ రాశాను.

‘కొండ సొరంగపు పనికి సంబంధించిన మూడవ పటములో కోణము పదకొండు నిమిషములు తేడాగా ఉన్నదని, సకాలములో, లిఖితపూర్వకముగా, సంతకముతో తెలియజేసినవారు అప్పటి మా డ్రాఫ్ట్స్‌మన్, నేటి నా గురువు. వారు తమ విధిని పూర్తిగా నిర్వర్తించిరి. ఆ వ్రాతను కొట్టివేసినది నేను. పై విషయము డాక్టరుగారు, నా బావమరిది వినుచుండగా చెప్పబడినది. ఆధారము: రుమాలు ఒకటి, దీనితో జతపరచడమైనది. దానిపై అక్షరములు లేవు. మూలన ఎర్ర పెన్సిలు మరక ఉన్నది. అది వారి చేతిది.’